ముల్లు తీసిన గాలం

రాయి? బియ్యంల రాయి? ఏ రాయిరా మురళీ, జర మల్ల చెప్పు... వద్దు వద్దు, చెప్పకు, నోరు ముయ్యకు. పెద్దగ తెరువు. ఇంకా. హాలు నిండ పిల్లలకు మైకు లేకుండ జాగ్రఫీ చెప్పే నోరు గద, నా ముంగట గింతే తెరుస్తున్నవేంది?

ఆ. గట్లనే ఉండు. పత్తి పెట్టిన, నాలుకతోని తొయ్యకు.

ఈ రోజుల్ల అన్నంల రాయి ఎవ్వనికొస్తదిరా? సుహాసిని బియ్యం బస్తా తెచ్చి ఏరిస్తదా ఏంది, ప్యాకెట్లే గద కొంటది. మీ ఇంట్ల నేను ఎన్నిసార్లు తిన్ననో లెక్కలేదు, ఒక్కనాడు పంటికింద రాయి రాలే. అయినా నమ్మిన చూడు. నువ్వు చెప్పినవ్ కాబట్టి నమ్మిన. దవడ పట్టుకొని మెట్లెక్కి వచ్చినవ్, "రాయి తగిలిందిరా జగదీశూ, ప్రాణం పోతోంది" అన్నవ్, నేను ముందుగాల సూది తీసిన, తర్వాత ప్రశ్న అడిగిన. గంత నమ్మకం.

మత్తు పట్టనియ్యి. జరసేపు పడ్తది. నా అసిస్టెంట్ సంజనను చాయ తాగి రమ్మని పంపిన. బయట ఇంకెవ్వరు లేరు, నువ్వే చివరి పేషెంటు. ఈ నారాయణగూడ చౌరస్త హారన్ల లొల్లిల మనం మాట్లాడుకునేది కిందికి వినబడదు. మనం అంటె నేను. నువ్వేం మాట్లాడ్తవ్, పెదవి మొద్దుబారిపాయె.

నొప్పైతె ఎడమ చెయ్యి లేపు. వేరే దేనికి లేపకు.

ఇగో, ఈ ట్రేల చూడు. అటు కాదు, పత్తి పక్కన. కనబడ్తుందా? నీ దవడ పన్ను పక్కన చిగుళ్ళల్ల గుచ్చుకొని ఉండె. తీసేటప్పుడు నేను కూడ రాయి పెచ్చే అనుకున్న. రక్తం కడిగి లైటు కింద పెట్టిన. రాయి మెరుస్తదారా? రాయికి మొన ఉంటదా?

గాలం మొన మురళీ. విరిగిన గాలం మొన.

కండ్లు మూసుకోకు. లైటు ఎక్కువైతె చెప్పు, తగ్గిస్త. కండ్లు మాత్రం మూసుకోకు.

బజార్ల కొన్న ఏ గాలానికైనా మొన వెనక చిన్న ముల్లుంటది, పడ్డ చేప జారకుండ. ఆ ముల్లు తీసేసేటోళ్ళు ఇంకెవరన్న ఉన్నరేమో, నాకు తెల్వదు. కాని పండ్లు రాపిడి చేసే మిషన్ పెట్టి ముల్లు అరగదీసి, కట్టుడు పండ్లకు పెట్టే పాలిష్ పెట్టి, చేప పెదవి చీరకుండ నున్నగ చేసేటోడు ఈ ఊర్ల ఒక్కడే ఉన్నడు. ఈ కుర్చీ పక్కన నిలవడ్డడు. నా చేతి పని నాకు తెల్వదా? ఎన్నడో కట్టిన పన్నును ఏ మనిషి నోట్ల చూసినా గుర్తుపడ్త నేను.

గీ గాలాలు మన ఇద్దరి దగ్గరనే ఉన్నయ్. నీ డబ్బల ఉన్నయి అన్నీ సన్నయి, రవ్వ చేపలకు పెట్టేటివి. గింత లావుది నేనొక్కణ్ణే కట్టిన. శనివారం కట్టిన. దొరసానికి కట్టిన.

ఊ అనకు. పత్తి జారుతది.

మొత్తం నీకు ఎర్కే. అయినా చెప్త. ఇన్నేండ్లు నువ్వు చెప్తుంటె నేను విన్న, చెరువు గట్టు మీద పొద్దంత నీ ముచ్చట్లే. ఇయ్యాల నువ్వు ఉత్తగ విను.

చిక్కడపల్లి లైబ్రరీల నీ పక్క కుర్చీల నేను ఎందుకు కూసున్ననో యాదికున్నదా? నువ్వు గ్రూప్స్ చదువుతుంటివి, నేను పండ్ల డాక్టర్ చదువు. మనిద్దరికి మాటలెందుకు కలుస్తయ్? నీ చూపుడు వేలికి సన్నగ కోసిన గీత కనబడ్డది. పెద్ద చేప లాగినప్పుడు దారం కోసే గీత. "యాడ పట్టినవ్?" అని అడిగిన. నువ్వు పుస్తకం మూసినవ్. గంతే. నీకు ఆ సర్కారు నౌకరీ అందుకే రాలేదని మీ నాయన నన్ను తిట్టని రోజు లేదు.

ఇంట్ల అడిగితె లైబ్రరీకి అంటుంటిమి. ఇప్పటికి ఫోన్ల "లైబ్రరీకి పోదామా" అంటె ఆ చెరువే. ఏ చెరువో మా నళినికి తెల్వదు, మీ సుహాసినికి తెల్వదు. మనసొంటి పిచ్చోళ్ళు ఊర్ల ఇంకా ఉన్నరు గద, వాళ్ళకు అసలే తెల్వద్దు. ఫోటో దించితె వెనకున్న గుట్ట పడకుండ దించుతుంటిమి. గంత కాపాడుకున్నం.

దొరసాని అని మనం పేరు పెట్టుకున్న ఆ చేప నీ రాడ్‌కే పడ్డది ముందుగాల. ఆరేండ్లయింది. నాకు కుళ్ళు పుట్టలే మురళీ, కసమ్. నేనే నడుముల లోతు నీళ్ళల్లకు దిగి జోలె వల పట్టిన. పద్నాలుగు కిలోల బొచ్చె. తోక పైకొస సగం లేదు, ఎప్పుడో ఏదో కొరికింది. పక్కలు రాగి చెంబు రంగు. నేను సంచి తీసిన, తెల్సా? అప్పటిదాక పట్టింది పట్టినట్టు తెచ్చి వండించుకునేటోళ్ళమే గద మనం. నువ్వు నా చెయ్యి పట్టుకున్నవ్. ఏమన్నవ్? "వద్దురా. ఇంత వయసున్న ప్రాణి. మనం కొట్టుకుపోయినా ఇది ఉండాలి" అన్నవ్. మోకాళ్ళ మీద కూసొని నీళ్ళల్ల దాన్ని రెండు చేతులతోని పట్టుకొని, ఊపిరి తీసుకునేదాక ఊపినవ్. అది తోక కొట్టి పోతె నీ మొఖం మీద నీళ్ళు పడ్డయ్, తుడుచుకోలే నువ్వు.

ఆ రోజు సంది పట్టుడు, తూచుడు, ఇడిచిపెట్టుడు. నేను గాలాల ముల్లు అరగదీసుడు మొదలుపెట్టింది కూడ ఆనాడే. నీ మాట విని. నువ్వు నాకు గురువువైనవ్ రా ఆ పొద్దు.

ఆరేండ్లు! నవ్వుతరు చెప్తె. పల్లి చెక్క, తవుడు, ఏంచిన మెంతులు మిక్సీల పట్టి చేపకు చారా కలిపితె, మిక్సీ కంపు కొడ్తుందని నళిని వేరే మిక్సీ కొనుక్కున్నది. వానాకాలం, చలికాలం, వంతులేసుకొని పోయి చారా వేసి వచ్చుడు. గాలం వెయ్యకుండ, ఉత్తగ తిండి పెట్టి వచ్చుడు! అది నీటి మీదికి ఒక్కసారి పొర్లి వీపు చూపించిందంటె ఆ వారమంత నాకు పేషెంట్ల మీద కోపం రాకపోయేది. దాన్ని ఇంకొక్కసారి చేతులల్ల పట్టుకోవాలె, ఎంత పెరిగిందో చూడాలె, ఇడిచిపెట్టాలె. ఇంకేం కోరలే. నాకు వేరే కోరికలున్నయా? ఒక స్థలం కొన్ననా, కారు మార్చిననా?

ఉమ్ము. పక్క గిన్నెల. జర వంగు. ఆ.

శనివారం సాయంత్రం నీ కండ్ల ముంగటనే గద అంత అయింది. బెండు మునగలే, పక్కకు జరిగింది, మెల్లగ, ఎవరో వేలుతోని నూకినట్టు. నువ్వే గుసగుసగ చెప్పినవ్, "అదేరా, అదే." నేను రాడ్ లేపిన. ఎంతసేపు పట్టుకున్ననో తెల్వదు. ఒక్కసారి మీదికి వచ్చింది. తోక చూసినం. ఇరవై కిలోలు దాటింది, నువ్వే అన్నవ్. తర్వాత గుర్రపుడెక్క లోపటికి దూరింది, లైన్ పటుక్కుమన్నది.

చేప పోయిందని ఏడ్వలే నేను. నీకు తెల్సు. ముల్లు లేని గాలం, లైన్ వదులైతె దానంతట అదే ఊడిపోతది. కాని తెగిన లైన్ డెక్కకు చుట్టుకుంటె? కట్టేసిన బర్రె లెక్క ఆడనే గుంజుకుంట ఉంటది, గుంజినకొద్ది గాలం ఊడదు. అట్లనే సొమ్మసిల్లి చస్తది. అదీ నా పరేషాన్. చీకటైపాయె, ఆ డెక్కలకు దిగరాకపాయె.

ఆదివారం నేను ఉండలేకపోతి. నళిని వాళ్ళ అన్న బిడ్డ నిశ్చితార్థం కరీంనగర్‌ల, మేనత్త మొగుడు లేకుంటె ఎట్ల? శనివారం రాత్రి చెరువు నుంచి వాపస్ వచ్చేటప్పుడు దారిపొడుగున నీ కాళ్ళు మొక్కినంత పని చేసిన. "మురళీ, పొద్దుగాల్నే పో. టైర్ ట్యూబ్ ఏసుకొని డెక్క దాక పో. ఉంటె లైన్ కోసి ఇడిచిపెట్టు." నువ్వు నా వీపు మీద చెయ్యేసి, "నాకు చెప్పాల్రా? నువ్వు నిశ్చింతగా వెళ్ళు" అన్నవ్.

నిశ్చింతగ! పోయిన.

నీ ఫోన్ వచ్చినప్పుడు నేను ఫంక్షన్ హాల్ల పిల్లగాని తరపోళ్ళ నడుమ కూసున్న. "లేదురా, తెంపుకుని వెళ్ళిపోయింది. డెక్కకి ఉత్త లైనే ఉంది. హాయిగా ఉంటుందిలే ఎక్కడో." హాయిగ! ఆ మాట అన్నవా లేదా? నేను లేచి పోయి జిలేబి ఇంకో రెండు వేయించుకున్న. సంబంధం గంత నచ్చిందా బావా అని నళిని అన్న సంబరపడ్డడు. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్, వాళ్ళంత పెండ్లి కోసమే అనుకున్నరు.

అప్పటికి అది మీ ఇంట్ల ముక్కలై ఉన్నది. అవునా?

చెయ్యి లేపినవ్. నొప్పా? కాదు గద. సరే, పత్తి తీస్త, చెప్పు... ఏంది? మెల్లగ, ఏం తెలుస్తలేదు. చచ్చిపోయి ఉండె? నువ్వు పోయేసరికే?

మంచిది. చచ్చి ఉంటె నాకెందుకు చెప్పలే? చచ్చిందని చెప్తె ఏడుస్తుంటి, నీ భుజం మీదనే ఏడుస్తుంటి, ఇంకెవ్వరున్నరు నాకు దాని కోసం ఏడ్వనీకి? హాయిగ ఉన్నదని ఎందుకన్నవ్?

నా దిక్కు చూడు. చచ్చి ఉండెనా, బతికుండెనా? నేను చేపను ముప్పై ఏండ్లు చూసిన, నిన్ను ఇరవై ఏండ్లు చూసిన. ఒక్కసారి తల ఊపు చాలు. బతికుండెనా?

ఊపినవ్.

మొప్పలు కొట్టుకుంటుండెనా... వద్దు. చెప్పకు. నోరు తెరువు, పత్తి మల్ల పెడ్త.

మీ జోగారావు గద కారణం? భీమవరం నుంచి దిగిండు గద నీ బామ్మర్ది. శనివారం గట్టు మీద నువ్వే అన్నవ్. "వచ్చిన దగ్గర్నుంచి అదే పాటరా, మీ హైదరాబాద్ నీళ్ళల్లో చేపలుంటాయా బావా, ఉన్నా బురద వాసనేగా అని." ఆయన ప్రతిసారి గట్లనే అంటడు, ప్రతిసారి నువ్వు నవ్వి ఊకుంటవ్. నువ్వు పుట్టింది చిక్కడపల్లిల, పెరిగింది అశోక్‌నగర్‌ల, మీ నాయన ఎప్పుడో సెక్రటేరియట్ నౌకరీకి వచ్చి ఈడనే ఉండిపాయె. అయినా అత్తగారోళ్ళ ముంగట నీకు గోదావరి గావాలె. ఇరవై కిలోల బొచ్చెను భుజం మీదేసుకొని మెట్లెక్కినవ్ గద. జోగారావు నోరు తెరిచిండా? ఫోటో దిగిండా? గుట్ట పడకుండ దించినవా?

దాని కోసంరా. దాని కోసం! నాకు చెప్తె నేనే చారా చల్లి ఇంకోటి పట్టేటోణ్ణి, పది కిలోలది, ఆయన ముంగట నీ చేతికిచ్చేటోణ్ణి, నువ్వే పట్టినవని చెప్పేటోణ్ణి. దొరసానే గావాల్నా? అదీ పోరాడి పట్టింది కూడ కాదు. నేను కట్టేసి పోయినదాన్ని. నడుముల లోతుకు దిగి, అలిసిపోయి నిలవడ్డదాన్ని, నీ చేతులకు అలవాటైనదాన్ని తీసుకపోయినవ్.

ఆ తలకాయ నువ్వు తిన్నవ్. తలకాయ ఎప్పుడూ నీదే గద. దవడ ఎముక సందుల ఉన్న గాలం చూసుకోకుండ కొరికినవ్. మిగిలిన గాలం ముక్క బయటికి తీసి ఎవ్వరికీ కనబడకుండ పారేసినవ్. మొన లోపట ఉన్నదని తెల్వదు నీకు. రాత్రంత నొప్పికి ఏగినవ్.

ఒక్కటి మాత్రం నాకు సమజైతలేదు. అశోక్‌నగర్‌ల గల్లికొక పండ్ల డాక్టర్ ఉన్నడు. హిమాయత్‌నగర్ దాక పోతె అద్దాల ఏసీ దవాఖానలున్నయ్. ఎవ్వనికి చూపించుకున్నా గీ మొన తీసి చెత్తల పడేస్తుండె. గది ఏంది అని కూడ అడగకపోతుండె. నా దగ్గరికి ఎందుకొచ్చినవ్?

అలవాటా? కాళ్ళు వాటికవే ఇటొచ్చినయా?

చెయ్యి దించు. తెల్సు నాకు. నొప్పైతె నువ్వు నా దగ్గరికే వస్తవ్.

ఇగ పన్ను సంగతి. నిట్టనిలువుగ చీలింది, వేరు దాక. రూట్ కెనాల్ చేసి టోపీ పెడ్త అని చెప్పొచ్చు, ఆర్నెల్లు నిన్ను తిప్పించుకోవచ్చు. అబద్ధం చెప్పను. పీకాల్సిందే. కోపంతోని అంటున్న అనుకునేవ్, కోపం వేరే, పన్ను వేరే. ఎక్స్-రే కావాలంటె నువ్వే చూడు. ఇదే పన్ను జోగారావుది అయినా పీకేటోణ్ణి.

మొద్దుబారిందా? ఇక్కడ గుచ్చుతున్న, తెలుస్తుందా? లేదు గద.

ఆగు. పట్కారు పట్టుకునే ముందు ఇంకొక్క మాట. దీనికి కూడ తల ఊపితె చాలు. నిన్న రాత్రి మేము ఊరి నుంచి రాంగనే మీ సుహాసిని స్టీలు డబ్బ పంపింది మా ఇంటికి. "అన్నయ్యగారికి ఇష్టం కదా వదినా, చేప బాగా దొరికింది" అని నళినికి చెప్పిందట. ఆమె తనంతట తానే పంపిందా? నువ్వు పంపమన్నవా?

నువ్వే.

అదీ. అదే అనుకున్న. మునుపు మనం చేపలు తినే దినాలల్ల ఎవ్వని గాలానికి పడ్డా సగం నీ ఇంటికి, సగం నా ఇంటికి. ఒక్కనాడు తప్పలే నువ్వు. జ్వరమొచ్చి నేను రాకపోయినా నా వాటా వచ్చేది. నన్ను గింత మోసం చేసి, నాతోని ఫోన్ల అబద్ధమాడి, కత్తిపీట ముంగట కూసొని మల్ల సగం పక్కకు పెట్టినవ్! ఏం మనిషివిరా నువ్వు? నిన్ను పూర్తిగ తిట్టుకోనీకి కూడ నాకు సందు ఇయ్యలేదు గద.

ఏడ్వకు. ముక్కు కారితె ఊపిరి ఆడదు. తల వెనక్కి ఆనించు. నోరు పెద్దగ.

మధ్యాహ్నం తిన్న నేను. నిన్న రాత్రి కరీంనగర్ నుంచి వచ్చేసరికి పొద్దుపోయింది, డబ్బ ఫ్రిజ్‌ల పెట్టింది నళిని. ఇయ్యాల సోమవారం, ఆమె ఒక్కపొద్దు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని వేడి చేసి వడ్డించింది. మొత్తం నాకొక్కనికే. నిన్నటి పులుసు గద, ముక్కకు మంచిగ పట్టింది. ఏం ముక్కలురా అవి! వెన్న లెక్క విచ్చుకపోయినయ్. బురద వాసన లేదు, ఏ వాసన లేదు. మనం పెట్టిన తిండే గద అంత.

నీ మీద అరుద్దామని ఇందాకటి సంది చూస్తున్న, నోట్ల ఇంకా ఆ రుచే ఉంది.

కదలకు, పన్ను పట్టుకున్న. రెండోసారి అన్నం పెట్టించుకున్న మురళీ. ముండ్లు చప్పరించి, డబ్బ అడుగు కూడ ఊడ్చుకొని తిన్న. తిని చెయ్యి కడుక్కోకముందే నీకు ఫోన్ చెయ్యమన్న నళినిని, ఆ చేప యాడ దొరికిందో అడుగు, వచ్చే ఆదివారం మల్ల తెప్పించుకుందామని.